ఎలా పోయావో చెప్పు

అసుర సంధ్య...!

పగలు చచ్చి, రాత్రి ఇంకా పుట్టని పాడు వేళ! పడమటి ఆకాశం రక్తవర్ణం దాల్చి, చూస్తుండగానే కాటుక నలుపుకి తిరిగిపోయింది. దూరాన ఎక్కడో ఉరుము... ఎదురు మేడ నీళ్ళ ట్యాంకు మీద గుడ్లగూబ ఒకటి వాలి, మూడో అంతస్తు కిటికీకేసి రెప్ప వాల్చకుండా చూస్తోంది. దానికక్కడ ఏం పని అంటారా? ఉంది! ఆ కిటికీ వెనక ఒక నిండు ప్రాణం కొడిగట్టిపోతోంది!

మంచం మీద ఒక యువతి. కళ్ళు తెరిచే ఉన్నాయి... కానీ ఆ కళ్ళలోంచి చూస్తున్నది ఆమె కాదు!

"దాహం... దాహం..." అంది. గొంతు పసిపిల్లది!

మరుక్షణం, "ఒరేయ్, తలుపు తియ్యండ్రా! ఊపిరాడట్లేదు!" అని రంకె. ఆ గొంతు ముసలివాడిది!

ఆమె కాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు మొగుడు. బస్సు డ్రైవరు. ఎంత రద్దీలోనైనా బెదరని మనిషి, ఇప్పుడు గడగడలాడుతున్నాడు.

"వదినా, మళ్ళీ మొదలైంది. నా వల్ల కావట్లేదు. ఏదో ఒకటి చెయ్యి వదినా, నీకు దణ్ణం పెడతాను!"

వదిన అంటే, మంచం మీదున్న యువతికి సొంత అక్క. వీధుల్లో ఆమెను ‘చావులక్క’ అంటారు. పేరు విని హడలిపోకండి, ఆమె ఎవరినీ చంపదు. మరణాల అధ్యయన కేంద్రంలో ఉద్యోగం. ఈ నగరంలో జనం దేనివల్ల పోతున్నారు, ఏ జబ్బు పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని తేల్చే కార్యాలయం అది. ఆస్పత్రి మొహం చూడకుండా ఇంట్లోనే పోయినవాళ్ళకి కారణం చెప్పే నాథుడెవరు? అలాంటి ఇంటికి, ఏడుపులు కాస్త సద్దుమణిగాక ఈమె వెళ్తుంది. ఆఖరి ఘడియ దాకా పక్కనున్న మనిషెవరో కనుక్కుని, ఎదురుగా కూర్చుని, "ఎలా పోయారో చెప్పండి" అంటుంది. అంతే! ఆపైన వినడమే. గుండెపోటా, జ్వరమా అని తానుగా మాట అందించకూడదు. అందిస్తే, ఏడ్చి ఏడ్చి సొలసిన మనిషి దేనికైనా ఔననేస్తుంది. ఆ ఉద్యోగంలో మొదటి నియమం అదే. ఆమె విని తెచ్చినదంతా చదివి, ఫలానా కారణం అని తేల్చేది పెద్ద డాక్టరు.

చెల్లెలిది కూడా అక్కడే కంప్యూటరు ముందు కొలువు. ఏ కారణంతో ఎన్ని చావులో ఏడాదికేడాది గీతలు గీసి చూడడం ఆమె పని. అన్ని జబ్బుల గీతలూ ఎగుడుదిగుడుగా పోతుంటే, ‘కారణం తెలియదు’ అన్న గీత మాత్రం నిచ్చెన వేసుకుని పైకి ఎగబాకుతోంది! మరి అక్క పూసగుచ్చినట్టు చెప్పినదంతా ఏ గంగలో కలుస్తోంది? పిచ్చితల్లి... అక్కతోనైనా ఒక మాట అనకుండా, తిన్నగా వెళ్ళి పెద్ద డాక్టరునే అడిగింది!

ఆయన నవ్వాడు. "మంచి ప్రశ్నే అమ్మా. చెప్తాను గానీ, ఆ పుర్రె మీద దుమ్ము పట్టింది, కాస్త తుడిచిపెడతావా?" అన్నాడు.

డాక్టరు బల్ల మీద పుర్రె ఉంటే ఎవరికి అనుమానమొస్తుంది చెప్పండి! తుడిచింది. ఆ క్షణం నుంచి ఆమె ఒళ్ళు ఆమె స్వాధీనంలో లేదు! ఎన్ని ఆస్పత్రులు తిప్పినా ఒకటే జవాబు. పరీక్షలన్నీ బాగున్నాయట. మనిషే బాగాలేదు.

ఆఖరికి అక్క ఎవరికి ఫోన్ చేసి రమ్మని బతిమాలిందో తెలుసా? పెద్ద డాక్టరుకే! ఆ దేవుడే దిక్కనుకుంది అభాగ్యురాలు...

ఆయన రానే వచ్చాడు, చేతిలో తోలు సంచీతో. అంత వయసొచ్చినా నెత్తి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు. సార్ ఏ నూనె రాసుకుంటారో కనుక్కోండర్రా అని ఆఫీసులో జోకులేసుకునేవారు. డ్రైవరు చేతిలో ఒక చీటీ పెట్టి, "బాబూ, ఈ ఇంజెక్షను వెంటనే పట్రా" అన్నాడు. పాపం, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడతను.

తలుపు గడియ పడింది. దీపాలు ఆరిపోయాయి!

తోలు సంచీలోంచి కపాలం బయటికొచ్చింది. దాన్ని రోగి తలాపున నిలిపి, మంచం చుట్టూ నల్లని బూడిదతో వలయం గీశాడు. పెదవులు ఏవో వికృతాక్షరాలు వల్లిస్తున్నాయి. కపాల నేత్రకుహరాల్లో నీలిజ్వాలలు భగ్గుమన్నాయి...!

"ఏం చేస్తున్నారు సార్? అదేంటి?"

"నీ చెల్లి అడిగిన ప్రశ్నకి జవాబు!" ఫెళ్ళున నవ్వాడు. "ఎలా చచ్చిందో తేలని ప్రాణి పైకి పోలేదు. దిక్కులేక తిరుగుతుంది. దాన్ని నేను కట్టేసుకుంటాను, అది బతకాల్సిన ఏళ్ళన్నీ నేను తాగేస్తాను! నువ్వు తెచ్చిన కారణాలన్నీ అందుకే మింగేశాను. ఇప్పుడు వాళ్ళందరినీ నీ చెల్లి ఒంట్లో కుక్కాను. చీకటి పూర్తిగా కమ్మేసరికి ఇదీ కారణం లేకుండానే చస్తుంది. దీని ఏళ్ళు కూడా తాగేస్తే ఇక నాకు చావు లేదు! లేదు!!"

ఆమె ఆడపులిలా ఉరికింది. అదృశ్యహస్తమేదో ఈడ్చి గోడకేసి కొట్టింది! కాలు కదలదు... చెయ్యి లేవదు... నోరొక్కటే మిగిలింది.

"అరుచుకో. ఎవరొస్తారో చూస్తాను" అన్నాడు మాంత్రికుడు.

అరవలేదు. ఏడ్చింది. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. దాన్నొదిలెయ్యండి. కావాలంటే నన్ను తీసుకోండి. అమ్మ పోయాక నేనే ఎత్తుకు పెంచానండీ దాన్ని..." ఆయన వినిపించుకోలేదు. మంచం మీద చెల్లెలి పెదవులు నీలమైపోతున్నాయి. ఛాతీ లేస్తోందో లేదో తెలియడం లేదు. ఆ తల్లిలాంటి అక్క గుండె చెరువైపోయింది.

"దాహం..." మళ్ళీ ఆ పసిగొంతు.

ఏం చెయ్యాలో తోచలేదు. ఏళ్ళ తరబడి వాకిళ్ళ వాకిళ్ళా తిరిగి అడిగిన మాటే, తనకు తెలియకుండా నోట్లోంచి వచ్చేసింది.

"ఎలా పోయావో చెప్పమ్మా."

మాంత్రికుడి నాలుక తడబడింది.

"నన్నా? నన్నే అడుగుతున్నావా?" అంది పసిగొంతు. "కుళాయిలో నీళ్ళు బురదగా వచ్చాయి. తాగాను. రాత్రంతా వాంతులు, విరేచనాలు. అమ్మ ఏం పట్టినా కడుపులో నిలవలేదు. తర్వాత ఒకటే దాహం... అంతే."

"నీళ్ళే తీసుకుపోయాయి తల్లీ నిన్ను. నీ తప్పు లేదు. మీ అమ్మ తప్పూ లేదు."

"అదా!" అంది. ఒక చిన్న వెచ్చని గాలి కిటికీ దాటి వెళ్ళిపోయింది. డాక్టరు కణతల దగ్గర జుట్టు తెల్లబడింది!

"నోర్ముయ్!" గర్జించాడు. "వాళ్ళకి కారణం లేదు! లేదని నేను తేల్చాను!"

కానీ ఇప్పుడు ఆగేదెవరు? ఇన్నాళ్ళూ అడిగే దిక్కులేక మూగబోయిన ప్రాణాలు! ఒకదాన్నొకటి తోసుకుని వచ్చేశాయి. గోదాము తలుపుకి బయట తాళం వేసి పోతే, లోపల పొగకి ఉక్కిరిబిక్కిరై పోయాడట ముసలివాడు. బండి దొరికేలోపు నెత్తురంతా పోయి, బిడ్డ మొహమైనా చూడలేదట ఒక బాలింత. ఆమె వింది. ఏడుస్తూనే అందరిదీ వింది. చెప్పుకున్నవాళ్ళు చెప్పుకున్నట్టే వెళ్ళిపోయారు. ఒక్కొక్కరు వెళ్తుంటే మాంత్రికుడి పళ్ళు రాలాయి, వెన్ను వంగింది, చర్మం ముడతలు పడి వేలాడింది. అయినా వాడు చావలేదు... కపాలంలో జ్వాల ఆరలేదు!

అప్పుడు, కపాలం దవడ కదిలింది. దానితోపాటు చెల్లెలి పెదవులూ కదిలాయి.

"నేనెలా పోయానో నాకు తెలియదమ్మా. నాకే జబ్బూ లేదు."

"దాన్నడగొద్దు! దాన్ని మాత్రం అడగొద్దు!" వృద్ధ మాంత్రికుడు కెవ్వుమన్నాడు.

ఆ కేకతో అక్కకు తెలిసిపోయింది. ఆ చావు ఎవరి చలవో! వాడే చంపాడమ్మా అన్న మాట నాలుక చివరికొచ్చింది. కానీ ఆమె మింగేసింది. మనం అందించిన మాటతో ప్రాణికి విముక్తి రాదు. తనంతట తానే చెప్పుకోవాలి. బయట చీకటి చిక్కబడుతోంది, చెల్లెలి గోళ్ళు నల్లబడిపోతున్నాయి... అయినా ఓపికపట్టి అడిగింది.

"ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి."

"తలనొప్పన్నాను. ఆయనే మందు కలిపి తెచ్చారు. చేదుగా ఉందన్నాను. తాగు, నిద్ర పడుతుందన్నారు. పక్కనే కూర్చుని నుదురు నిమిరారు. అలా నిమురుతూ... గడియారం చూసుకున్నారు. మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు..."

మాట ఆగింది. ఉరుము కూడా ఆగింది.

"ఏమండీ... మీరేనా?"

ఆ మాటకి దిక్కులు దద్దరిల్లేలా పిడుగు పడింది! కపాలం పైకెగిరి మాంత్రికుడి రొమ్ముకు కరుచుకుంది. "పొరపాటైందే! వదలవే! వదలవే!" ఆక్రోశం... హాహాకారం...! అంతకాలం దొంగిలించిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా ఆ శరీరం మీద విరుచుకుపడ్డాయి. మాంసం ఎండింది, ఎముక పొడైంది. నేల మీద పిడికెడు బూడిద మిగిలింది.

అక్క చేతులకు కట్టు వీడింది. మంచం మీద పడింది. చెల్లెలి ముక్కు దగ్గర వేలు పెట్టింది.

ఊపిరి లేదు!

"అక్కా..." ఎక్కడో నూతిలోంచి వస్తున్న గొంతు. ఈసారి అది చెల్లెలిదే! "అందరూ వెళ్ళిపోయారే. నేనొక్కదాన్నే మిగిలాను. నన్నూ అడగవే... ఎలా పోయానో చెప్పేసి నేనూ వెళ్తాను. హాయిగా ఉంటుందట..."

"అడగను!"

"అడగవే అక్కా... అలిసిపోయాను..."

"నోర్ముయ్! చచ్చినవాళ్ళనే అడుగుతాను నేను. నిన్నడగను! చచ్చినా అడగను! వెళ్తావా? నన్నొదిలి ఎక్కడికే వెళ్ళేది? కాళ్ళు విరగ్గొడతాను!" రెండు చేతులూ చెల్లెలి రొమ్ము మీద వేసి బలంకొద్దీ అదిమింది. అదుముతూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. "లేవే దొంగమొహమా! లే!" అని చెంప ఛెళ్ళుమనిపించింది.

బయట తలుపు దబదబా బాదుతున్నారు. "వదినా! తలుపు తియ్యి వదినా!"

మంచం మీద ఒక చిన్న దగ్గు.

"అబ్బా... మెల్లగా కొట్టవే రాక్షసీ. నొప్పి."

అక్క తలుపు తియ్యలేదు. ఆ నొప్పన్న మాట ఇంకోసారి వినాలనిపించి, చెల్లెలి చెంప మీద మరొకటి వేసింది.