పతనశీలి సైకిలు

వన్‌టౌన్‌లో హార్బరు వెనకాల ఉన్న తుక్కు యార్డులో సత్తిబాబు ఇనప గొట్టం తట్టుకుని ముందుకు తూలాడు గానీ పడలేదు. నడుముకున్న నిలకడపట్టీ జుయ్యిమని మూలిగి, అతన్ని సగం దారిలో ఆపి, తిరిగి నిటారుగా నిలబెట్టింది. చేతిలో గ్లాసులోని టీ తొణకలేదు. తూలినప్పుడు తెగిన మాటని అక్కడి నుంచే అందుకుని అతను చెప్పుకుపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ తల తిప్పి చూడలేదు. విశాఖపట్నంలో మనుషులు పడటం మానేసి అరవై ఏళ్ళు కావస్తోంది.

పట్టీలో తిరిగే చిన్న బొంగరాలు ఒంట్లో పుట్టిన ఊగుని ఒంటికంటే ముందే పసిగట్టి సరిచేస్తాయి. పూర్వం పిల్లలు తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద అడుగు వేయించి, వీధంతా పంచేవారట. ఇప్పుడు పట్టీ కట్టిన రోజునే పంచేస్తున్నారు. నడక పిల్లకి రాకపోయినా ఫరవాలేదు, పట్టీకి వస్తే చాలు. మెట్ల పక్కన పట్టుకునే కమ్మీలు పోయాయి. ఎముకల డాక్టర్లు పళ్ళ డాక్టర్లయ్యారు. అలాగని జనం పూర్తిగా పడటం మానేశారనీ చెప్పలేం. కష్టపడుతున్నారు, సిగ్గుపడుతున్నారు, ఒకరికొకరు తారసపడి ఇష్టపడి ఆనక బాధపడుతున్నారు. నేల మీద పడటమొక్కటే మూలపడిపోయింది.

ఆ యార్డులో ఏ లోహం ఏ కొలిమికి పోవాలో తేల్చే ఉద్యోగం భూలోకరావుది. పేరుకి భూలోకమే గానీ, యాభై రెండేళ్ళలో అరికాళ్ళు తప్ప ఒంట్లో ఇంకేదీ భూమికి తగిలి ఎరగడు. ఆ భాగ్యం ఇంట్లో అతని భార్య నీలవేణిది.

నీలవేణికి కొన్నేళ్ళ కిందట ఓ జ్వరం వచ్చి చెవిలోకి దిగింది. అప్పటినుంచీ ఆమె ఒళ్ళు ఒకటంటే పట్టీ ఇంకోటంటుంది. కట్టుకుంటే కళ్ళు తిరిగి వాంతులు, విప్పితే తూలు. నిలకడ సంస్థ వాళ్ళు వచ్చి చూసి ఆమెకి 'పతనశీలి' అని పేరు పెట్టారు. వినడానికి ఏదో బిరుదులా ఉంది గానీ దాని అర్థం గడప దాటకూడదని. దాటాలంటే మెత్తలు కుట్టిన తొట్టిబండిలో, మూత వేసుకుని పోవాలి. ఒక్కసారి అలా వెళ్ళింది. దారిలో ఎవరో ఆవిడ వంగి, లోపల బాబా పాపా అని అడిగింది. ఇంటికొచ్చి ఆ బండిని మేడ మీద ఉల్లిపాయలు ఆరబోసుకోవడానికి పెట్టేసింది. సముద్రం వాళ్ళింటి కిటికీలోకి వినిపిస్తుంది. సొంతంగా అక్కడిదాకా పోవాలన్నది తప్ప ఆమెకి వేరే కోరిక లేదు. గోడలు పట్టుకుని గదుల్లో తిరుగుతూ, పడుతూ, లేస్తూ రోజులు గడుపుతోంది.

ఆ రోజు యార్డుకి పాత బంగళా ఒకటి కూల్చిన తుక్కు వచ్చింది. అందులో గొట్టాలతో చేసిన ముక్కోణం, దాని వెనకాల దాన్ని పట్టుకుని ఇంకో చిన్న ముక్కోణం కనబడ్డాయి. సత్తిబాబు గేటు ముక్కన్నాడు. భూలోకరావు అయస్కాంతం పెట్టాడు, అంటుకుంది. ఎత్తాడు, ఉక్కుకి ఉండాల్సిన బరువులో సగం కూడా లేదు. స్పానరుతో కొట్టి చూశాడు. గొట్టం చివర్లలో టక్కుమంది, నడిమధ్యలో గంటలా మోగింది. అంటే కొసల్లో మందం, మధ్యలో పల్చన. ఎవడో పనిగట్టుకుని బరువు తీసేశాడు. అతుకుల దగ్గర తొడిగిన తొడుగుల్ని ఆకు మొనల్లా ఆకురాయితో రాసి, ఇత్తడి పోసి అతికారు. గేటుకి ఇంత నగిషీ చేస్తే ఆ ఇంటివాడు గేటు బయటే కాపురముంటాడు. భూలోకరావు దాన్ని కొలిమి వైపు పంపకుండా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

నీలవేణి గోడ పట్టుకుని వచ్చి చూసింది. "ఏం మావా, గేటు తెచ్చావా? నన్ను లోపల పెట్టడానికి తలుపు చాలట్లేదా?"

"నువ్వు లోపలున్నావని తలుపుకే దిగులు పట్టుకుంది. తోడు తెచ్చాను," అన్నాడతను.

దాని పుట్టుక తేల్చింది నీలవేణి తల్లీ, భూలోకరావుకి మేనత్తా అయిన సూరమ్మ. ఆమె చిన్నతనంలో ఊళ్ళో పట్టీలు లేవు, మోకాళ్ళకి మచ్చలుండేవి. పొద్దున్న లేచి బయటికొచ్చేసరికి అల్లుడు ఆ ముక్కోణం ముందు రెండు కాళ్ళలా దిగి, కొసలు ముందుకు వంగిన ఫోర్కుని బల్లకి బిగించి, సుత్తి పట్టుకుని కనిపించాడు. ఎక్కడో గుద్దుకుని వంగిపోయిందనీ, తెల్లారినప్పట్నుంచీ దానికి బెండు తీస్తున్నాననీ చెప్పాడు.

"సుత్తి కింద పెట్రా బూలోకా, ముందు నీకు తియ్యాలి బెండు," అంది సూరమ్మ. "అది అలాగే పుట్టింది. ఆ వంపు లేకపోతే బండి మాట వినదు. ఇది సైకిలు. మామూలుది కూడా కాదు, రేసు సైకిలు."

ఆమె చెప్పినచోట, పెడల్ ఇరుసు దూరే గొట్టం అడుగున తుప్పు గీకి చూస్తే చిన్న చేప ముద్ర బయటపడింది. చేపల రేవు దగ్గర కొట్టున్న పోలారావు ముద్ర అది. పడవలకి అతుకులు వేస్తూ వేస్తూ సైకిళ్ళకి దిగాడు. బీచిరోడ్డు మీద పోటీలు జరిగితే గెలిచినవాడి కాళ్ళ మధ్య చేపే ఉండేదని సూరమ్మ చెప్పింది. అంతా చెప్పి, ఫ్రేమ్ పై గొట్టం లోపలి వైపు వేలు పెట్టింది. అక్కడ ఒక్కచోటే రంగు అరిగి ఉక్కు నున్నగా మెరుస్తోంది. సీటు అందని పిల్లెవతో ముక్కోణంలోంచి కాలు దూర్చి, ఒంటిని బయటికి వేలాడేసి, పక్కకి వాల్చి తొక్కిందట. అలా తొక్కితే మోకాలు అక్కడే రాసుకుంటుంది. తనకీ అలాగే వచ్చిందని చీర కొంచెం పైకి లాగి మచ్చ చూపించింది.

మిగతా భాగాలు యార్డే ఇచ్చింది. చక్రాలు తిరగడానికి గోళీలు కావాల్సి వస్తే, పాడైపోయిన నిలకడపట్టీలు విప్పి వాటిల్లోవి తీశాడు. మనుషుల్ని కదలనివ్వని గోళీలు మొదటిసారి పనిలోకి దిగాయని నవ్వాడు. నీలవేణి నేల మీద కూర్చుని తుప్పు రుద్దింది, నీలం రంగు వేసింది. మోకాలి అరుగు దగ్గరికొచ్చేసరికి బ్రష్షు పక్కన పెట్టేసింది. అది ఎవరో పిల్ల చేసుకున్న దారి, కప్పెయ్యడానికి వీల్లేదంది.

తొక్కి చూద్దామని ముందు ఎక్కింది భూలోకరావే. ఇంటి వెనక పెరటి గోడల మధ్య ఖాళీ స్థలంలో బాగానే కదిలాడు. మలుపు వచ్చింది. సైకిలు తిరగాలంటే మనిషి వాలాలి, మనిషి వాలితే పట్టీ ఊరుకోదు. అది అతన్ని ఉన్నపళాన నిటారుగా లేపి నేల మీద నిలబెట్టింది. సైకిలు మాత్రం అతను లేకుండా వెళ్ళి నూనె డ్రమ్ముకి గుద్దుకుంది. పట్టీ విప్పి మళ్ళీ ఎక్కబోతే సీటు మీద కూర్చోకముందే ఒళ్ళంతా చెమటలు పట్టి, డ్రమ్ముని కౌగిలించుకుని వదల్లేదు. నీలవేణి గోడకి ఆనుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

తర్వాత సైకిలు తను తీసుకుంది. ముక్కోణంలోంచి కాలు దూర్చింది, వేలాడింది, పడింది. పడుతూనే భుజం తిప్పి, అరచెయ్యి ముందు పెట్టి, దొర్లి లేచింది. ఇన్నేళ్ళూ ఇంటి గదులు ఆమెకి నేర్పినదంతా అదే. ఊగు ఎటు వస్తుందో, దానికి ఎదురు తిరగకుండా దాని వైపే ఎలా ఒదగాలో ఆమె ఒంటికి తెలుసు. వారం తిరక్కుండానే సీటెక్కింది. నడిస్తే తూలే మనిషి సైకిలు మీద తూలడం లేదు. నిలబడితే పడిపోయేదీ, కదిలితే నిలబడేదీ సైకిలొక్కటే కాదని భూలోకరావుకి అప్పుడు అర్థమైంది.

"రేపు సముద్రానికి పోతాను," అంది.

"గడప దాటితే పట్టుకుంటారే."

"దాటుతున్నానని చెప్పాను మావా, దాటనా అని అడగలేదు."

మర్నాడు పొద్దున్న సూరమ్మ అరిసెలు వండి డబ్బాలో పెట్టింది. నీలవేణి వీధిలోకి వచ్చి, సైకిలెక్కి, బీచిరోడ్డుకి దిగే వాలు అందుకుంది. మొదటి మలుపులో ఆమె పక్కకి ఒరగగానే వీధిలో పడేవాళ్ళని కనిపెట్టే కనుస్తంభం 'పతనం' అని కూసింది. ఎక్కడినుంచో పరుపుపక్షులు, అంటే పడేవాళ్ళ కిందికి ఎగిరొచ్చే గాలిమెత్తలు, రెక్కలు ఆడిస్తూ వచ్చి ఆమె కింద చేరబోయాయి. ఆమె అప్పటికే నిటారుగా అయిపోయింది. అవి తికమకపడి వెనకాలే వచ్చాయి. మళ్ళీ మలుపు, మళ్ళీ కూత, మళ్ళీ ఇంకో నాలుగు పక్షులు. చూస్తుండగానే ఆమె వెనకాల ఆకాశంలో ఓ పరుపుల కొట్టు ఊరేగుతోంది. రోడ్డు పక్క జనం ఆమె ఒరిగినప్పుడల్లా తమకి తెలియకుండానే అటు ఒరిగారు. నడుములకున్న పట్టీలు జుయ్యిమని లాగి వాళ్ళని సరిచేశాయి.

ఆమె వెనకాలే నడిచొస్తున్న భూలోకరావుని వాలు దగ్గర ఓ మనిషి ఆపాడు. నిలకడ సంస్థ పర్యవేక్షకుడు, పేరు ఇందుశేఖర్, ఇస్త్రీ నలగని మనిషి. తనంతట తాను నిలబడలేని వాహనం రోడ్డు మీదికి రాకూడదనీ, సాయంత్రానికి అది కొలిమిలో ఉండాలనీ, ఆమె తొట్టిబండిలో ఇంటికి చేరాలనీ మర్యాదగానే చెప్పాడు. చేతిలోని బిళ్ళ నోటి దగ్గర పెట్టుకుని, చుట్టుముట్టి ఆపమని పక్షులకి ఆజ్ఞ ఇచ్చాడు. పరుపులన్నీ ఒక్కసారిగా నీలవేణికి ముందు గోడ కట్టడానికి ఎగిరాయి.

ఒరిగే మనిషికంటే పడే మనిషే వాటికి ముఖ్యమని భూలోకరావుకి తెలుసు. అతను బకిలు విప్పి పట్టీని ఇందుశేఖర్ చేతుల్లో పెట్టాడు. ఒళ్ళు ఒక్కసారిగా ఎవరిదో అయిపోయినట్టు అనిపించింది. అయినా వాలు మీద పరుగు తీశాడు. నాలుగు అంగలు వేసి పడ్డాడు. కనుస్తంభాలన్నీ గొంతు చించుకున్నాయి. పక్షులు నీలవేణిని వదిలేసి వెనక్కి తిరిగాయి గానీ, అవి వచ్చేసరికి భూలోకరావు, భూలోకం ఒకటైపోయారు. మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. తన రక్తం అంత ఎర్రగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

పరుపులు అతని చుట్టూ రెపరెపలాడుతూ నిలబడ్డాయి. పడబోయేవాడిని పట్టుకోవడం వాటికి వచ్చు. పడినవాడిని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు, ఆ అవసరం వస్తుందనుకోలేదు. ఇందుశేఖర్ పరుగున వచ్చి చెయ్యి అందించాడు. భూలోకరావు బరువు తగలగానే పర్యవేక్షకుడి పట్టీ అతన్ని వెనక్కి లాగేసింది. మళ్ళీ వంగాడు, మళ్ళీ లాగింది. జనంలోంచి సత్తిబాబు వచ్చి ప్రయత్నించాడు, అదే వరస. చుట్టూ అంతమంది నిటారు మనుషులున్నారు, కింద ఉన్న మనిషిని వంగి లేపగలిగినవాడు ఒక్కడూ లేడు.

"పట్టీ కట్టుకోండి, అదే లేపుతుంది," అన్నాడు ఇందుశేఖర్.

"ఉండండి సార్. యాభై రెండేళ్ళకి పడ్డాను. కాసేపు పడుండనివ్వండి."

సత్తిబాబు తన బకిలు విప్పేశాడు. వంగి, భూలోకరావు భుజం పట్టుకుని, అతని పక్కనే పడ్డాడు. ఇంకెవరో టక్కుమని విప్పారు. ఆ వెనకాల ఇంకొకరు. కాసేపటికి వాలు పొడుగునా టకటకలు, దబదబలు, వాటితోపాటు నవ్వులు. పక్షులు ఎవరి మీద వాలాలో తేలక వాటిలో అవి గుద్దుకుని గోడల మీద కూర్చున్నాయి.

వెనకాల పక్షులు లేవని గమనించి నీలవేణి తిరిగొచ్చింది. సైకిలు గోడకి ఆనించి, ఓ చెయ్యి గోడ మీద వేసి, ఊగుతూ మొగుడి పక్కన నిలబడింది.

"లేవడం రాదా?"

"రాదే."

"పక్కకి దొర్లు. ముందు మోకాలు, మంచిది పెట్టు. ఇప్పుడు అరచెయ్యి. తల కాదు, నడుము ఎత్తు. ఒళ్ళు ఊగుతుంది, ఊగనీ. దాంతో దెబ్బలాడకు."

అతను లేచాడు. లేగదూడలా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఈలోగా సూరమ్మ డబ్బా పట్టుకుని దిగొచ్చింది. మూత మీద అరిసె పెట్టి, అల్లుడి కాళ్ళ ముందు ఉంచి, అడుగెయ్యమంది. అతను వేశాడు. అరిసె విరిగింది, అతను విరగలేదు. సూరమ్మ మిగతావి పంచడం మొదలుపెట్టి, ఇందుశేఖర్ దగ్గర ఆగింది. అతను కేసు రాయాలన్నాడు.

"రాద్దువు గాని బాబూ. ముందు అటు చూడు, ఆ పెద్దాయన లేవలేకపోతున్నాడు. నువ్వు కుర్రాడివి."

ఇందుశేఖర్ పెద్దాయన్ని చూశాడు, చేతిలోని భూలోకరావు పట్టీని చూశాడు. దాన్ని గోడ మీద పెట్టి, తన నడుముకున్న బకిలు మీద చెయ్యి వేశాడు.

నీలవేణి సైకిలు రోడ్డు మీదికి తిప్పింది. ఆమె ఇంకా సముద్రం చూడలేదు. భూలోకరావు తన కోసం ఆగమన్నాడు.

"ఆగితే పడతాను," అంది ఆమె పెడల్ మీద కాలు వేస్తూ. "నువ్వు పడుతూ రా మావా, లేవడం నేర్పాను కదా."