షట్టర్ మీద దెబ్బలు

తార్నాక నుంచి యూనివర్సిటీ వెనక గోడ వెంబడి పోయే సందులో ఒక బస్సు బుకింగ్ ఆఫీసు ఉండేది. చీకటి పడ్డాక ఆ మెట్టు ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. దూరమైనా చుట్టు తిరిగి మెయిన్ రోడ్డు మీదుగానే పోయేవారు.

అరవై తొమ్మిదిలో అది ఎవరిదో కాపురముండే ఇల్లు. అప్పటి తెలంగాణ ఉద్యమంలో తుపాకీ గుండు తగిలిన ఒక పిల్లవాడు గోడ దూకి వచ్చి ఆ మెట్టు మీద పడ్డాడట. లేవలేక, పడ్డచోటి నుంచే తలుపు కొట్టాడట. లోపల మనుషులున్నారు. దీపం ఆర్పేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు...

తెల్లారి తలుపు తీస్తే మెట్టంతా ఎర్రగా ఉంది.

తర్వాత ఆ తలుపు పోయి ఇనుప షట్టర్ వచ్చింది. చప్పుడు మాత్రం పోలేదని సందులోవాళ్లు అనేవారు. నేను దెయ్యాలను నమ్మను. కానీ ఈ సంగతి చెప్పిన సామేలు అబద్ధమాడే మనిషి కాదు. అందుకని అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

సామేలుది బౌద్ధనగర్. ఆఫీసుల్లో టెలిఫోన్ బాక్సులు బిగించడం అతని పని. ఈ బుకింగ్ ఆఫీసుకు బాక్సు పెట్టింది అతనే. ఆఫీసు మూసేటప్పుడు నైట్ మోడ్ నొక్కుతారు. ఇక లోపల ఫోను మోగదు. రికార్డు చేసి పెట్టిన మాటే అందరికీ జవాబు చెబుతుంది.

ఆ మాట ప్రవళిక గొంతు. యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ సాయంత్రాలు అక్కడ ఫోన్లు ఎత్తే పిల్ల. నమస్కారం, ఈరోజు సెలవు, రేపు ఫోన్ చేయండి — అంతే. కోడ్ నొక్కి ఆ మాట ఎలా రికార్డు చేయాలో ఆమెకు నేర్పిందీ సామేలే.

నలభై ఏళ్లకు మలి ఉద్యమం వచ్చింది. ఆ చలికాలం క్యాంపస్‌లో లాఠీలు విరిగేదాకా కొట్టారు. ఆడపిల్లలనీ చూడలేదు. గ్యాస్ గుండ్లు గోడ దాటి సందులో పడ్డాయి. రోడ్డు మీద బస్సు తగలబడుతోంది. మేనేజర్ సుబ్బరాయుడు నైట్ మోడ్ నొక్కి, వెనక్కి కూడా చూడకుండా షట్టర్ లాగి తాళం వేసి, విద్యానగర్‌లో ఉన్న ఇంటికి పరుగు తీశాడు. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ప్రవళిక కూడా ఊరికి పోయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఆ మర్నాటి రాత్రి సుబ్బరాయుడు సామేలుకు ఫోన్ చేశాడు. బస్సు ఉందా లేదా అని ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్లంతా జడుసుకుంటున్నారట. నమస్కారం లేదు, సెలవు లేదు... ఇనుము మీద దెబ్బలు, ఎవరిదో మూలుగు.

"మెట్టు మీదుండేది ఫోన్లోకి వచ్చిందయ్యా సామేలూ," అన్నాడు. "చెరిపెయ్ బాబూ, నీకు పుణ్యముంటుంది."

చెరపడానికి అక్కడిదాకా పోనక్కరలేదు. బయటి ఫోన్ నుంచి కోడ్ నొక్కితే చాలు. సామేలు నంబరు కలిపాడు.

ధన్... ధన్... ధన్...

ఆగింది. మళ్లీ మొదలైంది. నడుమ సన్నటి గుసగుస — "తలుపు తియ్యి..."

సామేలు వేలు బటన్ మీదికి పోయింది. కానీ ఏదైనా చెరిపే ముందు పూర్తిగా వినడం అతని అలవాటు. ఆ బాక్సుకు ఒక పాత రోగం ఉంది. మాట గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చేసినవాళ్లకు ఎప్పుడూ నడుమ నుంచే వినపడుతుంది. మొదలు వినాలంటే చివరిదాకా ఆగాలి. ఆ చప్పుడు విన్నాక ఎవరు ఆగుతారు?

సామేలు ఆగాడు.

దెబ్బలు ఆగిపోయాయి. గుర్రుమని లైను చప్పుడు... తర్వాత —

"నేను ప్రవళికను. దెయ్యం కాదు. లోపల్నే ఉన్న. కాలు ఇరిగింది... సెల్లు యాడనో పడిపోయింది, ఇక్కడి నుంచి బయటికి ఫోన్ పోతలేదు. ఎవరన్న ఇనున్రి. తాళం తియ్యున్రి..."

బయటికి ఫోన్ ఎలా పోతుంది? పనివాళ్లు ఊరికే మాట్లాడతారని సుబ్బరాయుడే దానికి కోడ్ వేసి పెట్టాడు. ఆ పిల్లకు మిగిలింది ఒక్కటే దారి — సెలవు మాట తీసేసి, దాని చోట తన మాట పెట్టడం. దాన్నే ఇప్పుడు సామేలు చెరపబోయాడు.

సామేలు విద్యానగర్ పోయి తలుపు కొట్టాడు. సుబ్బరాయుడు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. అయినా తలుపు తియ్యలేదు. ఏమనుకోకు, బయట బాగాలేదంటూ కిటికీ ఊచల్లోంచి తాళంచెవి పడేశాడు.

తార్నాక చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. ఎక్కడికిరా అని అడిగిన పోలీసులు జవాబు వినకముందే కొట్టారు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది నెత్తి మీద... కంట్లోకి నెత్తురు కారుతుంటే సామేలు గోడ పట్టుకుని సందులోకి పోయాడు. చెయ్యి లేవలేదు. మోకాళ్ల మీద కూర్చుని తాళం తీసి, వీపు ఆనించి షట్టర్ ఎత్తాడు.

టేబుల్ కింద ప్రవళిక. ఫోను గుండెలకు హత్తుకుని ఉంది. బట్టలు నెత్తుటితో కాలికి అట్ట కట్టాయి. పక్కన ఖాళీ నీళ్ల సీసా.

లాఠీ దెబ్బకు విరిగిన కాలితో ఆమె లోపలికి వచ్చి టేబుల్ వెనక పడి, స్పృహ తప్పిందట. సుబ్బరాయుడు షట్టర్ వేసింది అప్పుడే.

"వచ్చినవా అన్నా," అంది.

ఆ కాలితో షట్టర్ దాకా పోయి ఎట్ల కొట్టినవమ్మా అని సామేలు అడిగాడు.

ప్రవళిక అతని మొహంలోకి చూసింది.

"నేను కొట్టలే అన్నా. గాడికి పాకనీకి కూడ చాతకాలే." తల షట్టర్ వైపు తిప్పింది. "కొట్టింది బయట... తలుపు తియ్యి అన్నది కూడ బయటనే."

ప్రవళిక బతికింది. మల్కాజ్‌గిరిలో టీచరమ్మ ఇప్పుడు. నడకలో కొంచెం కుంటు మిగిలింది.

అది లాఠీల చప్పుడే అని నేనన్నాను. గస్తీ తిరిగేవాళ్లు పోతూ పోతూ షట్టర్ల మీద ఒకటి వేస్తారు, నొప్పితో ఉన్న పిల్ల ఏదో విన్నదన్నాను. సామేలు నన్ను వెంటబెట్టుకుపోయి ఆ షట్టర్ చూపించాడు.

సొట్టలు ఉన్నాయి. బయటి నుంచి లోపలికే పడ్డాయి. లాఠీ దెబ్బలే, చూడు అన్నాను.

సామేలు ఆ సొట్టల దగ్గరికి వంగాడు. వేలితో చూపించాడు, అంతే.

నిలబడి కొట్టినవాడి దెబ్బ నడుము ఎత్తున పడుతుంది. ఇవన్నీ నా మోకాలి కంటే కిందనే ఉన్నాయి... మెట్టు మీద పడి ఉన్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో.