ఒడ్డు మీది సరంగు

"ఏమండీ, తలుపు తీస్తారా, పగలగొట్టమంటారా? అవతల నాకు బడికి టైమైపోతోంది!"

స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. భుజాన తువ్వాలుతో టీచరమ్మ తలుపు మీద మరోసారి దబదబా బాదింది. లోపల ఆవిడ భర్త చేస్తున్నది స్నానం కాదు. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టిని అంచుదాకా నింపి, అందులో మూరెడు పొడవున్న బొమ్మ పడవను వదిలి, పీట వేసుక్కూర్చుని దానివంక కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఆగవే! నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో చూస్తున్నా."

"నీళ్ళ సంగతేమో గానీ నాకు పిచ్చెక్కుతోంది. బయటికి రండి ముందు."

ఆయన రేవులో టగ్గు సరంగుగా పనిచేసి రిటైరయ్యాడు. టగ్గంటే పొట్టిగా, బొద్దుగా ఉంటూ, తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద ఓడలను తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే పడవ. దాన్ని నడిపేవాడు సరంగు. ఉద్యోగమైతే అయిపోయింది గానీ ఆయన గొంతు మాత్రం రిటైరవలేదు. ఉప్పు డబ్బా అందుకోమనడం కూడా ఆయన నోట హెచ్చరికలాగే వచ్చేది. కుర్చీ ఎక్కడ వేయాలో, కిటికీ ఎప్పుడు మూయాలో అన్నీ ఆజ్ఞలే. ఈయన చేతులకేదో ఒక పని కల్పించకపోతే తమ తల ప్రాణం తోకకొస్తుందని తల్లీ కూతుళ్ళు తీర్మానించుకున్నారు.

కూతురు పంపుసెట్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్కు. ఆయన దాన్ని పేరు పెట్టి పిలవడం ఎవరూ వినలేదు, పుట్టినప్పటి నుంచీ "పిడుగే". రిమోటుతో నడిచే బొమ్మ పడవల దుకాణానికి ఆయన్ని తీసుకెళ్ళింది ఆ పిడుగే. అద్దాల పెట్టెలో మెరుస్తున్న టగ్గు ధర విని ఆయన కళ్ళు తేలేశాడు.

"దీని డబ్బులకి అసలు టగ్గే వస్తుంది కదుటే!"

"కొనడమెందుకు నాన్నా, చేద్దాం. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి టగ్గే మంచిదట. మెల్లగా పోతుంది, తొందరగా బోల్తా పడదు. ఎక్కడన్నా గుద్దుకున్నా పర్లేదు, గుద్దడమే కదా దాని ఉద్యోగం!"

అలా మొదలైంది. పీవీసీ షీటు ముక్కలు కోసి అతికించి పడవ ఒళ్ళు తయారు చేశారు. పక్కింటి పిల్లలు విరగ్గొట్టిన రిమోట్ కారులోంచి మోటారు, రిమోటు వచ్చాయి. ప్రొపెల్లర్ తిప్పే కడ్డీకి సైకిలు చువ్వ, అది తిరగడానికి గ్రీజు పట్టించిన పాత రేడియో ఏరియల్ గొట్టం. సైకిలు ట్యూబును చక్రాల్లా కోసి చుట్టూ తగిలిస్తే గుద్దుళ్ళు కాసుకునే టైర్లయ్యాయి. బ్యాటరీ కోసం టీచరమ్మ ఎమర్జెన్సీ లైటు బలైపోయింది. ఆ బ్యాటరీ ఇటుకంత బరువు. అయినా దాన్నే అడుగున పెడితే పడవ నిలకడగా ఉంటుంది, వేరే బరువు కొనక్కర్లేదని తండ్రీకూతుళ్ళు మురిసిపోయారు. కరెంటు పోయినప్పుడల్లా టీచరమ్మ చీకట్లో ఇద్దర్నీ కలిపి తిట్టేది.

తిట్టినా ఆవిడకు లోలోపల సంతోషమే. సాయంత్రాలు ఒక బల్ల దగ్గర ఆ రెండు తలలూ కలిసి వంగడం చూసి చాలా ఏళ్ళయింది.

ఆ బల్ల దగ్గరే పిడుగు అసలు సంగతి బయటపెట్టింది. వేరే ఊరి రేవులో టగ్గుల మీద ట్రైనీలను తీసుకుంటున్నారట. దరఖాస్తు పెట్టింది. అక్కడి మేనేజరు నాన్నతో కలిసి పనిచేసిన మనిషే అయినా సిఫార్సు వద్దంది. సరంగు చేతిలోని ఉప్పుకాగితం ఒక్క క్షణం ఆగింది.

"చూద్దాంలే," అన్నాడు ఆయన, మళ్ళీ రుద్దుతూ.

ఆ 'చూద్దాం'ను పిడుగు సరేననే అర్థం చేసుకుంది. అప్పటినుంచి ఫోను చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. తనతో పాటు దరఖాస్తు పెట్టిన వాళ్ళకు పిలుపులు వచ్చేస్తున్నాయి. తనకే రాలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

ఆదివారం పడవను పార్కు చెరువులో దించాలనుకున్నారు. బయల్దేరేముందు పడవ మీది బుల్లి గది పైకప్పు ఊడివస్తే సరంగు దానికి జిగురు పూసి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది.

"ఎవరో చూడండర్రా! నా చేతులు ఖాళీ లేవు. స్పీకర్ పెట్టు! స్పీకర్!"

అలవాటైన ఆజ్ఞ. అలవాటుగానే టీచరమ్మ స్పీకర్ నొక్కింది.

"ఏరా సరంగూ!" ఆ రేవు మేనేజరు గొంతుకు గది దద్దరిల్లింది. "నువ్వు చెప్పినట్టే మీ అమ్మాయి కాగితాలు పక్కన పెట్టించేశాను. ఈ వారంతో పిలుపులు అయిపోతాయి. ఇక నిశ్చింతగా ఉండు!"

చెయ్యి తీస్తే పైకప్పు ఊడుతుంది, తీయకపోతే ఫోను ఆగదు. సరంగు ఎటూ కదల్లేకపోయాడు. టీచరమ్మే ఫోను కట్టేసింది.

పిడుగు గుమ్మంలో చెప్పులేసుకుంటోంది. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

"నాన్నా... మీరా?"

"అది కాదే..."

"వద్దంటే నా మొహం మీద వద్దనొచ్చుగా. అరవొచ్చుగా. ఇంట్లో ప్రతిదానికీ అరుస్తారు, దీనికి మాత్రం నోరు పెగల్లేదా? నా పక్కన కూర్చుని పడవ చేస్తూ, నాతో నవ్వుతూ, వెనకనుంచి ఇంత పని చేస్తారా?"

"నీకేం తెలుసే!" ఆయన ఒంటికాలి మీద లేచాడు. పైకప్పు ఊడి కిందపడింది. "తాడు బిగిసి తెగితే ఏమవుతుందో నీకు తెలుసా? నా పక్కన నిలబడ్డవాడి కాలు నా కళ్ళముందే పోయింది. నిన్ను పంపి నేనిక్కడ కంటినిండా నిద్రపోగలనా?"

"ఆ భయం నాతో చెప్పుంటే ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. మీరు భయపడ్డారని కాదు నాన్నా నా బాధ. నన్ను మోసం చేశారని."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల ఏడుపు వినబడకుండా ఫ్యాను పెద్దది చేసిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. టీచరమ్మ కిందపడిన పైకప్పు తీసి సంచీలో వేసింది. పడవను చంకన పెట్టుకుంది.

"నడవండి."

"ఇప్పుడా? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"అది ఏడవాలంటే మనం ఇంట్లో ఉండకూడదు. నడవండి."

పార్కు చెరువు చుట్టూ మోకాలెత్తు గోడ. బెంచీల మీద ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు పేపర్లు చదువుకుంటున్నారు. సరంగు పడవను నీళ్ళలో దించాడు. పడవ ఒంటి మీద గీసుకున్న గీత దగ్గరికి నీళ్ళు సరిగ్గా వచ్చాయి. మీట ముందుకు తోస్తే బుడబుడమంటూ కదిలింది. చెరువు మధ్యదాకా ఎంత హుందాగా వెళ్ళిందంటే, అంత దిగులులోనూ ఆయన మొహం విప్పారింది.

వెనక్కి తిప్పాడు. పడవ ఇప్పుడు తనవైపు వస్తోంది. కాస్త ఎడమకు జరుగుతుంటే మీట కుడికి తోశాడు. పడవ ఇంకా ఎడమకు పోయింది. మరింత కుడికి తోశాడు. టగ్గు తిన్నగా వెళ్ళి గోడను ఢీకొట్టింది. పేపర్లు కిందికి దిగాయి. వెనక్కి లాగి మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ గోడే. మూడోసారి నాచులో ఇరుక్కుంది.

"వైర్లు తిరగేసి కలిపింది మీ పిడుగు!" అన్నాడు మొహం కందగడ్డలా చేసుకుని. "ఏళ్ళ తరబడి ఓడల్ని ఇరుకు సందుల్లోంచి లాక్కొచ్చినవాణ్ణి, నాకు రాకపోవడమేంటి?"

"ఇలా ఇవ్వండి."

టీచరమ్మ రిమోటు తీసుకుంది. పడవను మెల్లగా నాచులోంచి వెనక్కి లాగింది. తనవైపు తిప్పింది. ఎడమకు జరిగితే మీట ఎడమకే తోసింది. పడవ బుద్ధిగా దారిలోకొచ్చి ఆవిడ పాదాల దగ్గర ఆగింది. సరంగు ముక్కున వేలేసుకున్నాడు.

"నీకెలా వచ్చిందే?"

"నేను చెప్పేది చిన్నపిల్లలకి కదండీ. వాళ్ళకి ఎదురుగా నిలబడి కుడి చెయ్యెత్తండర్రా అంటూ నేను ఎడమ చెయ్యెత్తాలి. లేకపోతే క్లాసంతా తప్పు చెయ్యెత్తుతుంది. మీరేమో ఎప్పుడూ పడవ లోపల నిలబడ్డారు. దాని కుడి మీ కుడీ ఒకటే. ఒడ్డున నిలబడి, ఎదురుగా వచ్చే పడవని మీరు ఎన్నడూ నడపలేదు." పడవను నీళ్ళలోంచి పైకి తీస్తూ అంది: "చూడనూ లేదు. చూసింది నేను."

ఆయన గోడమీద కూలబడ్డాడు.

"పిడుగు చంకలో ఉండగా ఒకసారి గాలివాన వచ్చింది, గుర్తుందా? మీ పడవ ఓడకీ గట్టుకీ మధ్య ఇరుక్కుందని ఎవరో చెబితే రేవుకి పరిగెత్తుకొచ్చాను. మీ పడవ కనిపిస్తోంది, మాయమవుతోంది, మళ్ళీ కనిపిస్తోంది. మర్నాడు మా బాబాయి ఇంటికొచ్చాడు."

"రేవు ఆఫీసులో చేసేవాడు, ఆయనేనా?"

"ఆయనే. అల్లుణ్ణి ఆఫీసు కుర్చీలోకి మార్పించేస్తాను, అతనికి చెప్పక్కర్లేదు, నువ్వు ఊ అంటే చాలన్నాడు. ఒక్క మాట, అంతే. ఆ రాత్రంతా ఆ మాట నా నాలుక చివరే ఉంది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"వద్దన్నాను కాబట్టి చెప్పలేదు. ఆ పడవ దిగి ఇంటికొచ్చినప్పుడు మీ మొహంలో ఒక వెలుగుండేది. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడితే మనిషి దక్కుతాడు సరే, ఆ వెలుగు ఏమైపోతుంది? నా భయం కోసం మిమ్మల్ని చంపుకోవడం ఎందుకనుకున్నాను. పిడుగు ఆ దరఖాస్తు గురించి చెప్పినరోజు దాని మొహం మీరు చూశారా? నేను చూశాను. అచ్చం మీదే."

సరంగు బెంచీల మీదివాళ్ళు చూస్తున్నారని కూడా మర్చిపోయి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ ఏడవద్దనలేదు. పడవలోని నీళ్ళు వంపి, తుడిచి, సంచీలో సర్దుతూ కూర్చుంది. చివరికి ఆయనే ఫోను తీశాడు.

"ఒరేయ్, తప్పు చేశాను. నీచేత కూడా చేయించాను. మా అమ్మాయి కాగితాలు ఎక్కడుండాల్సినవి అక్కడ పెట్టు... లేదు, సిఫార్సు కాదు. నా కూతురని చూడకు. పనికొస్తే తీసుకో, రాకపోతే పంపించెయ్."

ఇంటికొచ్చి మూసిన తలుపు ముందు నిలబడి, జన్మలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. చేసింది తప్పని, ఫోను చేసి దిద్దానని, క్షమించమని. తలుపు తెరుచుకుంది గానీ పిడుగు కళ్ళు మెత్తబడలేదు.

"ఇప్పుడు నేను నెగ్గినా మీ దయేమో అనుకోవాలి, ఓడినా మీ పనేమో అనుకోవాలి. అది పోవడానికి టైం పడుతుంది నాన్నా."

"పట్టనీ తల్లీ," అన్నాడు.

టైం పట్టింది. పిలుపు వచ్చింది. పరీక్షలో పిడుగు మోటారు విప్పి బిగించి చూపించి నెగ్గింది. ఊరు మారింది. మొదట్లో అమ్మకే ఫోను చేసేది. కొన్నాళ్ళకు ఇంజను గురించి ఏదో అనుమానం వచ్చి నాన్నకిమ్మంది. ఆ మాటలు అన్నం చల్లారిపోయేదాకా సాగాయి. చివర్న, "వచ్చే వారం నన్ను పెద్ద ఓడ దగ్గరికి తీసుకెళ్తున్నారు. చూడ్డానికి వస్తారా?" అనడిగింది.

వెళ్ళారు. సముద్రం ఆ రోజు కాస్త పొగరుగానే ఉంది. గట్టు చివర ఇనప కమ్మీ పట్టుకుని సరంగు నిలబడ్డాడు. ఇల్లంత ఎత్తున్న ఓడ ముందు చిన్న టగ్గు, దాని వెనక భాగాన తాడు దగ్గర నారింజరంగు చొక్కాలో పిడుగు. ఒక అల లేచింది. పడవ కనబడలేదు. మళ్ళీ కనబడింది. ఎన్ని గాలివానలో చూసిన మనిషి రెండు చేతులా కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. 'తాడుకు దూరంగా జరగవే' అని అరవబోయి, ఆ గొంతు అక్కడిదాకా చేరదని తెలిసి ఆగిపోయాడు.

"ఇన్నేళ్ళూ మన రేవు గట్టు మీద ఇలా ఎలా నిలబడ్డావే?" అన్నాడు భార్యతో.

"నిలబడ్డానని ఎవరన్నారు? అక్కడా ఇలాంటి కమ్మీయే లేకపోతే ఎన్నిసార్లు కూలబడేదాన్నో." ఆవిడ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "ఏడుపు ఇటు తిరిగి ఏడవండి. అది మనవైపు చూసినప్పుడు మాత్రం చెయ్యి ఊపండి. మీరు చూసినప్పుడల్లా నేను ఊపానా, లేదా?"

ఊపింది. ప్రతిసారీ ఊపింది. ఆవిడ సరదాగా వచ్చి నిలబడిందనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

దూరంగా నారింజరంగు చొక్కా గట్టువైపు తిరిగింది. సరంగు కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు.