తాతయ్య తిథి

సింగపూర్ బుకిట్ బటోక్‌లోని ఫ్లాట్‌లో ఆ ఉదయం కూడా సుధామణి తల్లికి ఒళ్లు తుడిచి, తల దువ్వి, నుదుట కుంకుమ పెట్టింది. వరలక్ష్మమ్మ కళ్లు తెరవలేదు. ఇక రోజుల్లోనే అని డాక్టరు చెప్పాడు.

గుమ్మం దగ్గర కుర్చీలోంచి సూర్యారావు చూస్తున్నాడు. ఆయన వరలక్ష్మమ్మ మరిది. ఆయన అన్న అప్పలస్వామిని యుద్ధకాలంలో జపాన్‌వాళ్లు మలయా రబ్బరు తోట నుంచి సయాంలో, అంటే ఇప్పటి థాయిలాండ్‌లో, రైలుదారి పనికి తీసుకుపోయారు. తిరిగి రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. సుధామణి అప్పటికి కడుపులో ఉంది. వరలక్ష్మమ్మ బొట్టు తీయలేదు. అందువల్ల అప్పలస్వామికి ఎవరూ పిండం పెట్టలేదు. వదిన వెళ్లేలోపు అన్న పితరుల్లో కలవాలని, ఆమె ఉండగానే అది జరగాలని సూర్యారావు పట్టుబట్టాడు. జరిగితే తల్లిని ముత్తయిదువుగా సాగనంపడం కుదరదు. నాన్న పోయాడన్న రుజువు చూపించమంది సుధామణి.

ఆమె కొడుకు దీపక్ సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్. యూదుల కుటుంబ చరిత్రలు వెతికే సంఘానికి వెబ్‌సైట్ కట్టడంలో సాయం చేశాడు. యుద్ధంలో మాయమైనవాళ్ల కోసం ఆ సంఘంలో దేశదేశాలవాళ్లు ఒకరికొకరు పాత కాగితాలు గాలించి పెడతారు. తమవాడు కాకపోయినా అప్పలస్వామి కోసమూ గాలించారు. లండన్ నుంచి మిరియం అనే ఆవిడ జవాబు రాసింది.

"ట్రై చేశారు లా, తాతా," అన్నాడు దీపక్ సింగపూర్ యాసలో. "అక్కడ పనిచేసిన వైట్ ప్రిజనర్స్‌కి నేమ్స్ ఉన్నాయి. మన కూలీలకి హెడ్‌కౌంట్ ఒక్కటే. అదీ కరెక్ట్ కాదట."

పోయిన తేదీ దొరకని తమవాళ్లకు వాళ్లేం చేస్తారని సూర్యారావు అడిగాడు. ఇంట్లోవాళ్లే ఒక రోజు అనుకుని ఏటా దీపం పెడతారని, మిరియం తాతకూ అలాగే పెట్టారని దీపక్ చెప్పాడు.

"అయితే మనమూ అనుకుందాం. రేపు అమావాస్య."

"అమ్మ బొట్టు ఎవరు చెరుపుతారు బాబాయ్? నువ్వా?"

"నన్ను భుజాన మోసినవాడమ్మా. ఇన్నేళ్లుగా ఆకలితో ఉన్నాడు. నేనూ పోతే ఇంకెవరు తలుచుకుంటారు?"

సుధామణికి తండ్రి ముఖం తెలియదు. తల్లి ఊపిరి వింటూ మంచం పక్కన కూర్చుండిపోయింది.

"అమ్మ పోయిన రోజే నాన్న తిథీ అనుకుందాం," అంది చివరకు. "ముందు అమ్మ. ఆ తర్వాత నాన్న."

సూర్యారావు కుర్చీలోంచి లేచాడు.

"అంతదాకా ఆగుతాడంటావా?"

"ఇన్నాళ్లూ ఆగాడు కదా."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని మంచం దగ్గరకు వచ్చాడు. వంగి వదిన చెవి దగ్గర చెప్పాడు.

"తొందరేం లేదు వదినా."