కల రాని మాత్ర

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఫార్మసిస్టు గోడకి ఆనుకుని కూర్చున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. తెల్లకోటు మీద నెత్తురు చుక్క లేదు. మెడ మీద మాత్రం దోమ కుట్టినంత మచ్చ. అంతే, మనిషి పోయాడు.

గంట తిరక్కుండా ఏజెంట్ కుందేలు చీఫ్ ఎదుట నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే రకం. అయితే ఏం? ధైర్యవంతులంతా దండలేసిన ఫోటోలై గోడకెక్కారు, కుందేలు ఇంకా జీతం తీసుకుంటున్నాడు.

"పోయినవాడెవరో తెలుసా?" అన్నాడు చీఫ్.

"తెలుసు సార్. మా అక్క వెళ్ళే క్లినిక్‌లో ఫార్మసిస్టు."

"అందుకే నిన్ను పిలిచింది. విను."

ఆ క్లినిక్‌లో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి ఒక ట్రయల్ నడుస్తోంది. రెండు మందులకి పోటీ. పాతది ఇక్కడి ఫ్యాక్టరీల్లో తయారయ్యే చవక మాత్ర. కొత్తది విదేశీ సరుకు, ధర చూస్తే గుండె ఆగుతుంది. రెండూ వైరస్‌ని అణచిపెట్టేవే. ఏది మేలో నిష్పక్షపాతంగా తేలాలని రెండిటినీ ఒకే రంగు, ఒకే సైజు మాత్రలు చేసి, ఒకేలాంటి సీసాల్లో పోశారు. సీసా మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరు ఏ మందు మింగుతున్నారో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. క్లినిక్‌లో తెలిసినవాడు ఫార్మసిస్టు ఒక్కడే.

"వాడి దగ్గర ఆ గుట్టు కక్కించి చంపారు. విదేశీ ముఠా పని. కొత్త మాత్రలు కొట్టేసి నకిలీవి పెడతారని మన అంచనా. కొత్త మాత్ర నంబర్లు కంపెనీ నుంచి తెప్పించా. నువ్వు ఆ సీసాల మీదే కన్నెయ్."

కుందేలు నంబర్లు చూశాడు. అక్క నంబరు అందులో లేదు. అంటే అక్కది పాత మాత్ర, ముఠా కన్ను ఆమె మీద లేదు. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే. ఎప్పుడో ఎక్కించిన రక్తంతో ఆమెకి ఆ జబ్బు వచ్చింది. ఇప్పుడామె ప్రాణం ఆ మాత్రల్లోనే ఉంది. కుందేలు హమ్మయ్య అనుకున్నాడు.

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "మాత్రకి ఆనించు. అసలుదైతే పచ్చ లైటు, నకిలీదైతే ఎర్ర లైటు. లోపల మన మనిషి ఉంది, కోడ్‌నేమ్ గోరింక. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు చేరవేస్తోంది."

"నాకు ఆవిడంటే భయం సార్."

"నీకు ఏదంటే భయం లేదు?"

"వేషం ఏంటి సార్?"

"మీ అక్కకి తమ్ముడు."

"అన్నిటికంటే కష్టమైంది ఇచ్చారు సార్," అన్నాడు కుందేలు.

క్లినిక్ హాలు నిండా జనం. నేలకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, ఎదురుగా అద్దం కౌంటరు. అందరి చేతుల్లోనూ పాత సీసాలు. వారం వారం మిగిలిన మాత్రలు అప్పగించి లెక్క సరిపోతేనే కొత్త సీసా ఇస్తారు. అక్క బస్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కండక్టర్ సంచీ ఇంకా భుజానే ఉంది.

"ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ? ఆఫీసు ఎగ్గొట్టావా?"

"నీ కోసమే అక్కా."

"నా కోసమా! సూర్యుడు పడమట పొడిచాడా ఇవాళ?"

ఇంతలో సెంటు వాసన తగిలింది. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో ఫైలు. ట్రయల్‌ని తనిఖీ చేసే మానిటర్ హోదాలో తిరుగుతున్న గోరింక.

"ఈ ఫ్యాను తిరుగుతుందా?" అందామె, అటు చూస్తూ.

"తిరుగుతుంది, గాలే రాదు," అన్నాడు కుందేలు. కోడ్ కలిసింది.

ఆమె అతన్ని కౌంటరు వెనక గదిలోకి తీసుకెళ్ళి కొత్త మాత్ర సీసాలు చూపించింది. అతను ఒక్కో సీసా మూత తీసి పెన్ను ఆనించాడు. పచ్చ. పచ్చ. అన్నీ పచ్చే. గోరింక నవ్వింది. "మనం ముందే మేలుకున్నాం. ఇక ఇంటికెళ్ళి పడుకోండి."

అంత సులువుగా పనైపోతే కుందేలుకి ఇంకా భయం. చెమటలు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి అక్క పక్కన కూలబడ్డాడు. అక్క ముందు వరసలోని ఒక పంతులమ్మతో ముచ్చట్లలో పడింది.

"ఏడాదిగా రోజూ పీడకలలే వదినా. బ్రేకుల్లేని బస్సు, టికెట్టు కొనని దెయ్యాలు. పోయిన వారం సీసా మార్చినప్పట్నుంచీ ఒక్క కల లేదు! మొద్దు నిద్ర!"

"నాకూ అంతే!" అంది పంతులమ్మ. "పాత మాత్రకి కలలొస్తాయి, కొత్తదానికి ఒళ్ళొస్తుంది అంటారుగా. నాది పాతదేననుకున్నా. అలవాటు పడ్డట్టున్నాం."

"నాకూ పోయాయండీ," అన్నాడు వెనక వరసలోని దర్జీ. "నేనూ పోయిన వారమే సీసా తెచ్చుకున్నా."

కుందేలు చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. కలలు ఒకళ్ళకి తగ్గొచ్చు. సీసా మారగానే ముగ్గురికీ ఒకేసారి ఎలా పోతాయి? కలలు పోయాయంటే మందే లేదన్నమాట! ముఠా కొత్త మాత్రని దొంగిలించడం లేదు, పాత మాత్రని ఓడిస్తోంది. చవక మందు పనికిరాదని తేలితే ఖరీదైనదే అందరూ కొనాలి. ఈలోగా అక్క ఒంట్లో వైరస్ లేచి కూర్చుంటే? మందుకి లొంగకుండా మొండికేస్తే?

"అక్కా, నీ సీసా ఇలా ఇవ్వు."

మాత్రకి పెన్ను ఆనించాడు. ఎరుపు.

"సీసా మూత పెట్టండి," అంది మెత్తటి గొంతు. గోరింక అక్కకి అటువైపు కూర్చుని ఉంది. ఫైలు కిందనుంచి పిస్తోలు గొట్టం అక్క డొక్కకి గురిపెట్టి ఉంది. అక్క చూడలేదు, టోకెన్ బోర్డు చూస్తోంది. "కౌంటరు తెరుస్తున్నారు. మిగిలిన సీసాలు పంచేదాకా నోరు విప్పకండి. మాకు గుట్టు ఎప్పుడో చెప్పేసిన ఫార్మసిస్టు మీకు నోరు విప్పబోయాడు, పోయాడు."

కౌంటరు అద్దం జరిగింది. మొదటి టోకెన్ వాడు సీసా కోసం చెయ్యి చాపాడు. కుందేలు అరుద్దామనుకున్నాడు, గొంతు పెగల్లేదు. చేతులు గజగజ వణికాయి. అది నటన కాదు, నిఖార్సయిన భయం. చేతిలోంచి సీసా జారి నేలన భళ్ళున పగిలింది. మాత్రలు హాలంతా దొర్లాయి.

"అయ్యో! నా మాత్రలు!" అక్క కుర్చీలోంచి కిందికి దూకింది.

ఆ హాల్లో మాత్ర కింద పడితే ఎవరూ చూస్తూ ఊరుకోరు. ఒక్క పూట తప్పితే ఏమవుతుందో వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పంతులమ్మ వంగింది, దర్జీ పాకాడు, టోకెన్ వాడు కౌంటరు వదిలేసి పరిగెత్తాడు. హాలు హాలంతా మోకాళ్ళ మీదుంది. చేతిలో పిస్తోలుతో నిలబడింది గోరింక ఒక్కతే. అందరూ ఆమెనే చూశారు. గుమ్మంవైపు పరిగెత్తబోయి మాత్రల మీద మడమ వేసి దబ్బున పడింది. కుందేలు కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె మీద కూర్చున్నాడు.

"ఎవరూ సీసాలు తీసుకోకండి!" అప్పటికి గొంతొచ్చింది.

అక్క దోసిట్లో మాత్రలతో లేచింది. "ఏం తమ్ముడివిరా నువ్వు? ఒక్క సీసా పట్టుకోలేవు!"

"అవి వట్టి సుద్ద, అక్కా."

అక్క దోసిలి వంక చూసుకుంది. మొహం పాలిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ... నేను చచ్చిపోతానారా?"

కుందేలు కూర్చున్న చోటునుంచే అక్క దోసిలి గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టర్ అందరి రక్తం తీసి, అసలు మాత్రలు మొదలుపెట్టించాడు. రిపోర్టు వచ్చేదాకా కుందేలు అన్నం ముట్టలేదు. ఫోను మోగితే మంచం కింద దూరాడు. చివరికి రిపోర్టు వచ్చింది: వైరస్ లేవలేదు, మందు మళ్ళీ పట్టింది. కుందేలు ఆఫీసు మెట్ల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

చీఫ్ ఫైలు మూస్తూ అడిగాడు. "ఇంతకీ ఆ రెండు మాత్రల్లో ఏది మేలంటావ్?"

"డాక్టర్లకే ఇంకా తేలలేదు సార్. నా మటుకు నాకు, రాత్రి మా అక్క పీడకలొచ్చి కెవ్వున అరిచింది. నేను హాయిగా నిద్రపోయాను."