రమ్ము తాగిన పెళ్లికేకు

తుఫాను వస్తోందని రేడియో తెల్లారినప్పటి నుంచీ మొత్తుకుంటోంది. పోర్ట్ ఆంటోనియో రేవు ఊళ్లో అందరికీ ఇంటి కప్పుల మీద బెంగ. వెల్డాకి మాత్రం కేకు మీదే ధ్యాస. ఆ రోజుకి ఆమె పెళ్లయి సరిగ్గా ఏడాది. పెళ్లికేకు పై అంతస్తుని రేకు డబ్బాలో దాచి, నెలనెలా రమ్ము పోసి, ఏడాది తిరిగిన రోజున మొగుడూ పెళ్లాం ఒకే కత్తి పట్టి కోసుకు తింటే కాపురం నిలుస్తుందని ఆ ఇంట్లో పెద్దల మాట. ఎరోల్ మొదటి పెళ్లాం కొరీన్ ఆ రోజు చూడకుండానే పదకొండో నెలలో జ్వరమొచ్చి పోయింది. అందుకే వెల్డాకి ఇంత పట్టుదల. ఈ ముక్క గొంతు దిగితేనే ఇల్లూ మొగుడూ తన సొంతమవుతాయని ఆమె నమ్మకం.

మధ్యాహ్నానికి ఎరోల్ కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశాడు. ఆఖరికి తలుపుకి కూడా లోపలి నుంచి అడ్డపట్టీ పెట్టి మేకులు దిగ్గొట్టాడు. పట్టపగలే ఇల్లు చీకటి గుయ్యారమైంది.

"ఇక సైతానొచ్చినా బయటే నిలబడాలి," అన్నాడు సుత్తి పక్కన పడేసి.

"సైతాను సంగతి తర్వాత. ముందు చేతులు కడుక్కురా. నీ చెమట కంపుకి కేకు పారిపోయేలా ఉంది." వెల్డా లాంతరు వెలిగించి డబ్బా బల్ల మీద పెట్టింది. "ఎంత తాగుబోతు కేకో తెలుసా! ఎంత పోసినా సాయంత్రానికి చుక్క మిగిల్చేది కాదు."

ఎరోల్ నవ్వాడు. "పోసే ముందు నేల మీద కాస్త చల్లేదానివిగా? పోయినవాళ్ల వాటా?"

"మీ అమ్మదీ ఇదే పాట. మంచి రమ్ము మట్టిపాలు చెయ్యడానికి నాకేం పిచ్చా?"

"ఒక్కసారీ చల్లలేదా?"

"లేదు."

అతని నవ్వు ఆగిపోయింది. వెల్డా మనసు మంచిదే గానీ, ఒకరి మాట వినే రకం కాదు.

మూత తీసింది. చుట్టిన గుడ్డ మీంచే నెలనెలా రమ్ము పోసింది తప్ప ఏడాదిలో ఎన్నడూ విప్పి చూడలేదు. ఇప్పుడు మడత మీద మడత విప్పింది. పంచదార పూత మీద నీలం పువ్వులు. ఆమె పెళ్లికేకు మీద ఉన్నవి ఎర్ర గులాబీలు.

"ఇది నాది కాదు..."

"కొరీన్‌ది," అన్నాడు ఎరోల్. "నేనే పెట్టాను... శవపెట్టెలో. తన చేతుల్లో."

బయట గాలి ఊళ పెడుతోంది. కప్పు రేకులు దడదడలాడుతున్నాయి. డబ్బాలోంచి రమ్ము వాసన గుప్పుమంది. దాని వెనకే తడిమట్టి వాసన.

"మూసెయ్," గుసగుసగా అన్నాడు. అంటూనే కత్తి అందుకున్నాడు.

"ఎరోల్, వద్దు..."

"మరి నీ చెయ్యి తియ్యి. ఎందుకలా నొక్కుతున్నావ్?"

వెల్డా రెండు చేతులూ తన గుండెల మీదే ఉన్నాయి.

లాంతరు వెలుగులో అతని వేళ్లు కనిపించాయి. వాటి మీద చర్మం నాలుగు చోట్ల లోపలికి అణిగిపోయి ఉంది. కత్తి దిగింది. ముక్క అతని నోటిదాకా లేచింది. నమిలాడు... మింగాడు.

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది.

ఎరోల్ తలెత్తాడు. ఆ కళ్లలో ఇప్పుడు భయం లేదు.

"ఎవరమ్మా మీరు? గాలివానలో చిక్కుకుపోయారా?" ఎంతో మర్యాదగా అడిగాడు. "కూర్చోండి. ఇవాళ మా పెళ్లిరోజు. మా ఆవిడ మీకూ ఓ ముక్క పెడుతుంది."

"ఎరోల్... నేను వెల్డాని. నీ పెళ్లాన్ని!"

అతను ఇబ్బందిగా నవ్వి, ఈమె నీకు తెలుసా అన్నట్టు పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

వెల్డా తలుపు మీద పడింది. అడ్డపట్టీ పట్టుకుని లాగింది. ఇంకా లాగింది. మేకులు కదల్లేదు. గోళ్లు చీలి రక్తం కారింది. వెనక, బల్ల మీద పళ్లెం జరిపిన చప్పుడు... ఏడుస్తూ చేతులు లాంతరు వెలుగులోకి తిప్పి చూసుకుంది.

ఎడమ చేతికి ఉంగరం లేదు. పెళ్లయిన రోజు నుంచీ ఒక్కనాడూ తియ్యలేదు. ఏడాదిగా అది ఒరుసుకున్న చోట, వేలి మీద చిన్న గుర్తయినా లేదు.