సున్నం బట్టీలో పచ్చదీపం

1989 వేసవిలో నరసరావుపేటలోని డిటెక్టివ్ హబీబ్ గదికి రెంటచింతల నుంచి సుందరి వచ్చింది. అసిస్టెంటు లీలావతి ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“మా తమ్ముడు జోసెఫ్‌ని గురజాల జైల్లో పెట్టారు సార్. మాచర్ల కాడ సున్నం ఫ్యాక్టరీకి కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది వాడే. బట్టీలో విషవాయువు ఉన్నా పచ్చదీపం వెలిగిందంట. అది నమ్మి దిగిన అంకారావు చచ్చిపోయాడు. రాసినదాంట్లో తప్పుంటే దాన్ని సరిచూసే కంపైలరే ఆపాలి గదక్కా అని వాడు ఒకటే ఏడుపు.”

మర్నాడు ఫ్యాక్టరీలో హబీబ్ ముందుగా బట్టీలో విషవాయువును కొలిచే గ్యాస్ మీటరు వైరు పట్టుకుని చూశాడు. ప్రమాదంనాడు తెగిన కొస ఇంకా మెరుస్తోంది. దానికి జానెడు దూరంలో ఒక అతుకు ఉంది. అతుకు టేపు మీద సున్నం దుమ్ము గట్టిపడిపోయింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని రెండు చిన్న ప్రోగ్రాంలు రాశాడు. మొదటిదాన్ని కంపైలర్ తిప్పికొట్టింది, రెండోదాన్ని ఒప్పుకుంది. ఆయన ఎందుకు తలాడించాడో లీలావతికి అర్థం కాలేదు. కానీ ఆయన కనుక్కున్నాడని తెలిసిపోయింది.

సాయంత్రం ఎస్సైని, మేనేజరును, ఎలక్ట్రీషియన్ బాజీని, సుందరిని బట్టీ దగ్గరికి పిలిచాడు. వైరు కలిపి దీపం వెలిగించి, మళ్లీ పీకేశాడు. ఎర్రదీపం రావాలి. పచ్చదే వెలుగుతోంది.

“మీటరు చెడితే ప్రోగ్రాంలో ఎక్సెప్షన్ అనే హెచ్చరిక లేస్తుంది. దాన్ని అందుకునే ఏర్పాటు లేకపోతే, ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలరే ఒప్పుకోకూడదు. పాత మీటరు కోసం రాసిన ప్రోగ్రాం ముక్క విషయంలో అలాగే ఆపుతోంది. కొత్త మీటరు కోసం ఆ ముక్క నుంచే పుట్టించిన కొత్త రకాన్ని పాత పేరుతో పిలిస్తే మాత్రం చూడకుండా వదిలేస్తోంది. జోసెఫ్ ఆ కంపైలర్‌ని నమ్మాడు. హెచ్చరిక ఎవరికీ చేరలేదు.”

“అయితే హంతకుడు కంపైలరా?” ఎస్సై నవ్వాడు.

“లోపం దానిది. అది ముందే తెలిసినవాడు వేరే ఉన్నాడు. ఈ పాత అతుకు చూడండి. ప్రమాదానికి ముందే ఎవరో వైరు తెంచి, దీపం చూసి, మళ్లీ అతికారు. ఎవరు చేయమన్నారు, బాజీ?”

బాజీ తలవంచుకున్నాడు. “మేనేజరుగారే సార్. కొత్త మీటరు బిగించిన రోజే. దీపం మారలేదని చెప్పా. బట్టీ ఆపితే చానా నష్టం, నోరు మూసుకోమన్నారు.”

లీలావతి ఊపిరి పీల్చుకుంది.

మేనేజరు గొంతు పెంచలేదు. “నీ తమ్ముళ్లిద్దరికీ ఇక్కడే పని ఇప్పించా గదరా. ఆలోచించుకుని చెప్పు.”

ఎస్సై పెన్ను తీశాడు. “రాసుకోమంటావా?”

బాజీ రెండడుగులు వెనక్కి జరిగాడు. “నాకేం తెలవదు సార్. ఏదో నోరు జారింది.”

ఎస్సై పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “కంపైలర్‌ని బోనెక్కించలేను, హబీబ్ గారూ. ప్రోగ్రాం కింద పేరున్నది జోసెఫ్‌దే.”

హబీబ్ చేతిలోని వైరును మీటరు పక్కన పెట్టేసి గేటు వైపు నడిచాడు.

గేటు బయట సుందరి ముఖం తుడుచుకుంది. “గురజాల బస్సు ఎక్కడ ఆగుద్దమ్మా?” అని లీలావతిని అడిగింది. “వాడు తప్పు చేయలేదని వాడికన్నా చెప్పి రావాలి.”